పేరు చెప్పని మాటకు ఒకే ఒక్క ప్రతి: అపరిచితుల కోసం ఇన్‌స్టంట్ కెమెరా

ముఖం తెలియని మనిషికి ఒక మాట చేరాలి, ఆ మాట ఎవరిదో ఆ మనిషికి ఎన్నటికీ తెలియకూడదు. ఈ రెండు కోరికలనూ ఒకేసారి తీర్చే సాధనం ఏదా అని చాలా రోజులు వెతికి, చివరికి నేను, తీసిన ఫోటోను అక్కడికక్కడే చేతికి ఇచ్చే ఇన్‌స్టంట్ కెమెరా కొన్నాను. వేడుకల్లో సరదా ఫోటోల కోసం ఎక్కువమంది కొనే వస్తువు ఇది, కనుక దీని గురించి వచ్చే సమీక్షలు కూడా ఆ అవసరం చుట్టూనే తిరుగుతాయి. నా అవసరం వేరు. కాగితం మీద ఒక వాక్యం రాసి, దానిని తగిన చోట, తగిన వెలుగులో పెట్టి ఫోటో తీసి, ఆ ఫోటోను ఎవరో ఒకరికి దొరికేలా బయట వదిలి రావడమే నా పని. ఎనిమిది నెలల్లో ఏడు ప్యాకుల ఫిల్మ్, అంటే 70 ఫోటోలు, ఇందుకే వెచ్చించాను. వాటిలో 18 చెడిపోయాయి, 52 బయటికి వెళ్లాయి. ఆ అనుభవంతో, ఈ ఒక్క పనికి ఈ కెమెరా ఎంతవరకు తగినదో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

నాది ఇన్‌స్టాక్స్ మినీ ఫిల్మ్ పట్టే సాదా కెమెరా. ఈ కొలత ఫిల్మ్‌ను ఫుజిఫిల్మ్ సంస్థ 1998లో తెచ్చింది. ఇతర సంస్థల కెమెరాలు కూడా కొన్ని ఇదే ఫిల్మ్‌తో పనిచేస్తాయి కనుక, ఇక్కడ కెమెరా ఎవరి తయారీ అన్నదానికంటే ఫిల్మ్ స్వభావం ఏమిటన్నదే ముఖ్యం. ఒక్కో ప్యాకులో 10 ఫిల్ములు ఉంటాయి. ఒక్కొక్కటి 86 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. బొమ్మ పడే భాగం మాత్రం 62 మిల్లీమీటర్ల పొడవు, 46 మిల్లీమీటర్ల వెడల్పే. చుట్టూ మిగిలిన తెల్లటి అంచు ఒక పక్కన బాగా వెడల్పుగా ఉంటుంది. పర్సులో బ్యాంకు కార్డు పెట్టుకునే అరలో ఇది మడత పడకుండా ఇమిడిపోతుంది. చిన్న విషయంలాగే కనిపిస్తుంది గానీ, దారిలో దొరికిన వస్తువును పారేయాలా, దాచుకోవాలా అని మనిషి ఒక్క క్షణం ఆలోచించినప్పుడు, దాచుకోవడానికి వెంటనే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

మీట నొక్కగానే ఫిల్మ్ రెండు రోలర్ల నడుమ నుంచి బయటికి వస్తుంది. ఆ ఒత్తిడికి ఫిల్మ్‌లో ఉన్న సన్నని రసాయనపు సంచి చిట్లి, అందులోని ముద్ద బొమ్మ భాగమంతటా సమంగా పరుచుకుంటుంది. సాధారణ ఉష్ణోగ్రతలో 90 సెకన్లకు అటూఇటూగా బొమ్మ తేలుతుంది. ఊపితే త్వరగా తేలుతుందని చాలామంది నమ్ముతారు కానీ, ఊపితే మేలు జరగకపోగా ఫిల్మ్ వంగి పొరలు చెదిరే ప్రమాదం ఉంది. నీడలో, చదునైన చోట కదపకుండా ఉంచితే చాలు. ఈ రకం ఫోటోగ్రఫీకి మూలం ఒక పసిపిల్ల తొందరే. 1943లో, తీసిన ఫోటోను అప్పుడే ఎందుకు చూడకూడదని మూడేళ్ల కూతురు అడిగిన ప్రశ్న నుంచే పోలరాయిడ్ సంస్థ స్థాపకుడు ఎడ్విన్ లాండ్ ఆలోచన మొదలైంది. 1947లో ఆయన తన పద్ధతిని లోకానికి చూపించాడు. ఎవరు తీసిన ఫోటోను వారే వెంటనే చూసుకోవాలన్న కోరికతో పుట్టిన సాధనాన్ని, తీసినవారు ఒకటిన్నర నిమిషం చూసి ఇక మళ్లీ చూడకుండా వదులుకునే పనికి నేను వాడుతున్నాను.

అసలు గుణం ఇక్కడే ఉంది. ఇన్‌స్టంట్ ఫోటోకు నెగటివ్ ఉండదు, ఫైలు ఉండదు, రెండో ప్రతి ఉండదు. నేను దానిని బెంచీ మీద పెట్టి నడిచి వెళ్లిపోతే నా దగ్గర మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. ఇవ్వడమంటే నిజంగా ఇచ్చేయడమే అవుతుంది. ఫోన్‌తో తీసిన బొమ్మను ముద్రించి వదిలినప్పుడు అలా అనిపించదు. అసలు బొమ్మ నా దగ్గరే ఉంటుంది, వదిలింది నకలు మాత్రమే. అజ్ఞాతం విషయంలో తేడా ఇంకా పెద్దది. ఫోన్ తీసే ఫోటో ఫైలులో సాధారణంగా తీసిన సమయం, ఫోన్ నమూనా నమోదవుతాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా చేరిపోతాయి. ఆ ఫైలును ఉన్నదున్నట్టుగా ఎవరికైనా పంపితే చిరునామా రాసి పంపినంత పనవుతుంది. కాగితం మీద ముద్రించినా పూర్తి భరోసా లేదు. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి పేజీ మీద కంటికి ఆనని పసుపు చుక్కలను ముద్రిస్తాయి. ఒక రకం ప్రింటర్ ముద్రించే చుక్కల్లో తేదీ, సమయం, ప్రింటర్ సీరియల్ నంబరు దాగి ఉన్నాయని, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2005లో విప్పి చూపించింది. మనసు విప్పి మాట్లాడటానికే పేరు దాచుకునే మనిషికి ఇవి తెలిసి ఉండాలి. నా సాదా కెమెరాకు గడియారం లేదు, మెమరీ లేదు, తానెక్కడుందో దానికి తెలియదు. దాని అమాయకత్వమే నాకు రక్షణ.

అయితే ఆ అజ్ఞాతానికి నేనే తూట్లు పొడుస్తున్నానని మొదటి నెలలో గ్రహించాను. కాగితం మీద ఉన్నది నా చేతిరాత. వెనకాల కనిపిస్తున్నది నా కిటికీ. అప్పటి నుంచి అక్షరాలను ఒక్కొక్కటిగా, విడివిడిగా, అచ్చు అక్షరాల్లా దిద్ది రాస్తున్నాను, ఇంటి వస్తువేదీ బొమ్మలో పడకుండా చూసుకుంటున్నాను. ఇతరుల ముఖాలు కూడా పడకూడదన్నది నా నియమం. నా పేరు దాచుకునే హక్కు నాకెంత ఉందో, నా సందేశం వెనుక తమ ముఖం ఉండకూడదనుకునే హక్కు దారిన పోయేవారికి కూడా అంతే ఉంది.

ముఖమూ మాటా ఒకే ఫోటోలో ఉండాలంటే ఆ మాట ఆ ముఖానిదే అయి ఉండాలి. బ్రిటిష్ కళాకారిణి గిలియన్ వేరింగ్ 1992, 93 సంవత్సరాల్లో లండన్ వీధుల్లో చేసింది అదే. అపరిచితులను ఆపి, కాగితం, కలం ఇచ్చి, తమ మనసులో ఉన్నది రాయమని అడిగి, ఆ కాగితం పట్టుకుని నిలబడిన వారిని ఫోటో తీసింది. సూటు వేసుకుని చిరునవ్వుతో నిలబడిన ఒక యువకుడి చేతిలోని కాగితం మీద తాను దిక్కుతోచని స్థితిలో ఉన్నానని రాసి ఉంటుంది. అతని పేరు ఆ ఫోటోలో లేదు, ఆ మాట మాత్రం ముప్పై ఏళ్లు దాటినా చూసేవారిని ఆపుతూనే ఉంది. అమెరికాకు చెందిన ఫ్రాంక్ వారెన్ మరో దారి పట్టాడు. 2004లో 3,000 పోస్టుకార్డులు అచ్చువేసి, ఇంతకుముందు ఎవరికీ చెప్పని నిజమైన రహస్యం ఒకటి రాసి పేరు లేకుండా పంపమని వాషింగ్టన్‌లో అపరిచితులకు పంచాడు. పోస్ట్‌సీక్రెట్ అనే ఆ ప్రయత్నానికి జనం తమ ఫోటోలను కత్తిరించి, అంటించి, వాటి మీద రాసి పంపుతూనే వచ్చారు. ఈ రెండింటినీ తలచుకున్నప్పుడల్లా నా పద్ధతిలోని లోటు నాకు స్పష్టంగా కనిపిస్తుంది. వేరింగ్ ఎదురుగా నిలబడి అడిగింది, వారెన్ కార్డు మీద చిరునామా ఇచ్చాడు. నేను వదిలే ఫోటోకు జవాబు రావడానికి దారి లేదు.

ఇక కెమెరా పనితీరు. ఈ పనికి దీని అతిపెద్ద శత్రువు దాని ఫ్లాష్. నా కెమెరాలో ఫ్లాష్‌ను ఆపే వీలు లేదు, ప్రతిసారీ వెలుగుతుంది. తెల్ల కాగితం మీద మామూలు బాల్‌పెన్నుతో రాసి దగ్గరగా తీస్తే కాగితం మండుతున్న తెలుపులో కలిసిపోయి అక్షరం ఆనవాలు కూడా మిగలదు. మొదటి ప్యాకులో ఆరు ఫిల్ములు ఇలాగే పోయాయి. తర్వాత నేర్చుకున్నదేమిటంటే, పార్సెళ్లకు చుట్టే గోధుమరంగు కాగితం మీద, మొద్దు నల్ల మార్కర్‌తో రాయాలి. కాగితాన్ని లెన్స్‌కు సూటిగా పెట్టకుండా కొంచెం వాల్చాలి, అప్పుడు ఫ్లాష్ వెలుగు పక్కకు జారిపోతుంది. మబ్బు పట్టిన పగటివేళ తీసినవి అన్నింటికంటే బాగా వచ్చాయి.

రెండో చిక్కు కొలత. 46 మిల్లీమీటర్ల వెడల్పులో తెలుగు రాయడం అంత తేలిక కాదు. మన అక్షరానికి పైన తలకట్టు, కింద ఒత్తు, పక్కన కొమ్ము ఉంటాయి. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ముందుగా ఒత్తులు పూడుకుపోతాయి, ఆ తర్వాత దీర్ఘాలు మాయమవుతాయి. ఏ4 కాగితం మీద రెండు వేళ్ల ఎత్తు అక్షరాలతో ఆరేడు మాటలకు మించకుండా రాస్తేనే ఫోటోలో చదవడానికి వీలుగా ఉంటుంది. మొదట్లో ఇది ఇబ్బందిగా తోచింది. తర్వాత ఈ పరిమితి నా వాక్యాలను బాగుచేసిందని ఒప్పుకోవలసి వచ్చింది. ఆరు మాటల్లో ఉపదేశం ఇరుక్కోలేదు. జరిగిన సంగతి ఒకటి మాత్రమే పడుతుంది. "వాన ఆగేదాకా ఇక్కడే కూర్చున్నాను" అన్నది నేను వదిలిన మంచి ఫోటోల్లో ఒకటి. దానిని ఒక చెట్టు కింది తడి బెంచీ మీదే తీసి, ఆరాక అక్కడే ఉంచాను.

కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లెన్స్‌కు పక్కన ఉండటం వల్ల, దగ్గరి వస్తువును తీసినప్పుడు కంటికి మధ్యలో కనిపించినది ఫోటోలో ఒక పక్కకు జరుగుతుంది. దూరపు దృశ్యాలకు ఇది తెలియదు గానీ, కాగితం మీది వాక్యాన్ని తీసేటప్పుడు మొదటి అక్షరమో చివరి అక్షరమో తెగిపోతుంది. ఎంత జరుగుతుందో రెండు ఫిల్ములు ఖర్చుపెట్టి తెలుసుకుని, అంత మేరకు కెమెరాను ఎదురు దిశలో జరిపి తీయడం అలవాటు చేసుకోవాలి. అరచేతి దూరం నుంచి తీయాలనే ఆశ పెట్టుకోకండి. నా కెమెరా అరవై సెంటీమీటర్ల కంటే దగ్గరికి వెళితే అక్షరాలు అలికేసినట్టు వస్తాయి.

వాక్యాన్ని బొమ్మలో కాకుండా తెల్లటి అంచు మీదే రాయవచ్చు కదా అని అడగవచ్చు. నేను రెండూ చేశాను. అంచు నున్నగా ఉంటుంది. నీటి సిరా కలం రాత వేలు తగలగానే చెరిగిపోతుంది, బాల్‌పెన్ను జారుతుంది. నూనె ఆధారిత శాశ్వత మార్కర్, అది కూడా సన్న మొన ఉన్నది, ఐదు నిమిషాలు ఆరనిస్తే నిలుస్తుంది. వెనుక వైపు నల్లగా ఉంటుంది కనుక అక్కడ తెల్ల రంగు మార్కర్ తప్ప ఏదీ కనిపించదు. బొమ్మలో ఒక చోటును చూపించి, అంచు మీద మాట రాసే పద్ధతిలో బొమ్మ మాటకు వివరణగా మిగిలిపోతుందని నాకు అనిపించింది. కాగితాన్ని ఆ చోటులోనే నిలబెట్టి తీసినప్పుడు మాట కూడా ఆ చోటులో ఒక వస్తువైపోతుంది. నాకు ఈ రెండోదే ఇష్టం, ఫిల్మ్ ఎక్కువ పాడైనా సరే.

ఇక్కడ కెమెరాతో సంబంధం లేని ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టే ప్రతి తెలుగు మనిషికీ ఇది ఎదురవుతుంది. తెలియని మనిషిని ఏమని పిలవాలి? "నువ్వు" అంటే చనువు తీసుకున్నట్టు, పైగా వయసులో పెద్దవారి చేతిలో పడితే మర్యాద తప్పినట్టు ఉంటుంది. "మీరు" అంటే దూరం నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. మొదటి పది ఫోటోలకు ఈ రెండింటి మధ్య నలిగాను. చివరికి ఎదుటి మనిషిని పిలవడమే మానేసి, "నేను"తో మొదలుపెట్టడం నేర్చుకున్నాను. అప్పుడు మన భాష ఎంత పెద్ద సహాయం చేస్తుందో తెలిసింది. "వచ్చాను", "ఏడ్చాను", "క్షమించాను" అన్నప్పుడు రాసినది ఆడమనిషో మగమనిషో ఆ క్రియ బయటపెట్టదు. చదివే మనిషి ఆ "నేను"లో ఎవరినైనా ఊహించుకోవచ్చు, తనను కూడా.

వదలడంలో కొన్ని జాగ్రత్తలు. ఫిల్మ్ లోపలి ముద్ద చర్మానికి, కళ్లకు హాని చేసే గాఢమైన రసాయనం. ఫోటోను కత్తిరించకూడదు, చింపకూడదు. అందుకని చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట నేను వదలను. నేరుగా ఎండ పడే చోట రంగులు వెలిసిపోతాయి, వానలో తడిస్తే అంచుల నుంచి పాడవుతుంది. గోడలకు, స్తంభాలకు జిగురుతో అంటించడం నాకు నచ్చదు. అది ఇచ్చినట్టు కాదు, రుద్దినట్టు. బెంచీ మీదో, అందరూ పుస్తకాలు వదిలి తీసుకునే అరలోనో, ప్రయాణికుల గదిలో కుర్చీ చేతి మీదో ఉంచితే చాలు. ఎవరి సంచిలోనూ, ఎవరి వాహనం మీదా, ఎవరి గుమ్మం ముందూ పెట్టకూడదు. పేరు లేని మాట ఒక వ్యక్తిని వెతుక్కుంటూ వెళితే అది భయపెడుతుంది. ఆ వ్యక్తే నడిచి వచ్చి ఎత్తుకుంటే కానుక అవుతుంది.

ఫిల్మ్ కొనేటప్పుడు గడువు తేదీ చూసి తీరాలి. నాకు ఒక అమ్మకందారు పంపిన రెండు ప్యాకులు గడువు దాటినవి. బొమ్మలు వెలిసినట్టు, నలుపు బూడిదరంగులోకి తిరిగి వచ్చాయి. ఫిర్యాదు చేస్తే జవాబు రాలేదు. చెడిపోయిన 18లో ఏడు ఆ ప్యాకుల్లోవే. మరో మూడు నా నిర్లక్ష్యం వల్ల పోయాయి. రోలర్ల మీద ఎండిన ముద్ద పేరుకుంటే ప్రతి ఫోటో మీదా ఒకే చోట చార పడుతుంది; ప్యాకు మార్చిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడిస్తే ఈ బాధ ఉండదు. ప్యాకు మొదట్లో బయటికి వచ్చే నల్లటి రక్షణ అట్టను పారేయకండి, ఫోటోను జేబులో మోసుకెళ్లేటప్పుడు వంగకుండా దన్నుగా పనికొస్తుంది.

ఫోన్‌కు జతచేసే చిన్న ప్రింటరును కూడా కొంతకాలం వాడి చూశాను. బొమ్మ నచ్చకపోతే ముద్రించకుండా వదిలేయవచ్చు కనుక ఫిల్మ్ వృథా కాదు, అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి. సందేశం చదవడానికి వీలుగా ఉండటమే ముఖ్యం అనుకునేవారికి అదే మంచిది. లొకేషన్ ఆపేసి, పని కాగానే ఫైలు చెరిపేస్తే అజ్ఞాతం కూడా చాలా వరకు నిలుస్తుంది. నేను మాత్రం ఫైలును చెరపలేకపోయాను. బాగా వచ్చిన బొమ్మను ఉంచుకోవాలనిపించేది, నలుగురికి చూపించాలనిపించేది, ఒకసారి చూపించేశాను కూడా. ఆ రోజుతో ఆ మాట అజ్ఞాతం పోయింది. ఇన్‌స్టంట్ కెమెరా ఆ బలహీనతకు అవకాశమే ఇవ్వదు.

ఫిల్మ్ ఖర్చుకు వెనుకాడేవారికి, తీసిన ప్రతిదీ నిండుగా రావాలని కోరుకునేవారికి ఈ కెమెరాను సూచించలేను. నాలుగింట ఒకటి పాడైనా ఓర్చుకుని, జవాబు కోసం ఎదురుచూడకుండా ఇవ్వగలిగినవారు మాత్రం నిస్సందేహంగా కొనవచ్చు. కొనేటప్పుడు ఫ్లాష్‌ను ఆపే వీలు, దగ్గరగా తీసే ఏర్పాటు ఉన్న నమూనాను ఎంచుకోండి. ఆ రెండు సౌకర్యాలు నా కెమెరాలో ఉండి ఉంటే కనీసం ఆరు ఫిల్ములు మిగిలేవి.

జవాబుకు దారి లేదని పైన రాశాను. 52 ఫోటోల్లో ఒక్కదానికి మాత్రం వచ్చింది. "పదేళ్ల తర్వాత అక్కకు ఫోన్ చేశాను. ఎత్తింది." అని రాసి తీసిన ఫోటోను ఒక పార్కులో, నడకదారి చివరి బెంచీ మీద ఉంచి వచ్చాను. మూడు వారాల తర్వాత అటు వెళితే అదే ఫోటో అదే బెంచీ మీద, గాలికి ఎగరకుండా చిన్న రాయి కింద ఉంది. ఎవరూ ముట్టుకోలేదేమో అనుకుని తీసి చూశాను. నల్లటి వెనుక వైపున తెల్ల కాగితపు ముక్క ఒకటి టేపుతో అంటించి ఉంది, దాని మీద వణుకుతున్న అక్షరాలతో ఇలా ఉంది: "నేనూ చేశాను. ఎత్తలేదు. ఆదివారం మళ్లీ చేస్తాను." చాలాసేపు దానిని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తెచ్చుకోవాలని ఎంతగానో అనిపించింది. కానీ ఉన్నది ఒకటే ప్రతి, అందులో సగం ఇప్పుడు నాది కాదు. మళ్లీ ఆ రాయి కిందే పెట్టి వచ్చాను. సోమవారం వెళ్లి చూస్తే రాయి ఉంది, ఫోటో లేదు.